తవ్వా, సోలా, ఫెరారీ

మా సావిడి తలుపు గాలికి కొట్టుకోకుండా ఆన్చి పెట్టే ఇనప ముక్క ఒకటుంది. చూడ్డానికి బోర్లించిన గిన్నెలా ఉంటుంది, ఎత్తబోతే చెయ్యి కిందికి లాగేస్తుంది. మా నాన్నగారి కాలంలో గౌతమి లంకలో నీళ్లు తోడిన ఆయిలింజను పిస్టను అది. ఇంజను ఎప్పుడో పాతసామాన్ల బండెక్కింది. ఇదొక్కటీ ఎందుకో ఉండిపోయింది. మొన్న సంక్రాంతికి ఆలమూరు వచ్చిన మా మనవడు దాన్ని రెండు చేతులా మోసుకొచ్చి అరుగు మీద పెట్టి, "తాతా, ఫెరారీ పిస్టను దీనికంటే పెద్దదా?" అన్నాడు. వాడు ఏడో క్లాసు.

"దీన్లో సగం కాస్త దాటుతుందేమో నాన్నా, అంతే."

వాడు నమ్మలేదు. ఫెరారీ అంటే అన్నీ పెద్దవే అని వాడి లెక్క. ఫోన్లో ఎర్ర కారు బొమ్మ ఒకటి తీశాడు. దాని పేరు 208. "ఇదుగో, దీన్లో రెండు లీటర్ల ఇంజనేనట. ఫెరారీకి అంత చిన్నది ఎందుకు పెట్టారు తాతా?"

నేను ముప్పయ్యేళ్లు సైన్సు చెప్పినవాణ్ణి. ఇలాంటి ప్రశ్న ఇంటి అరుగు మీదికే నడిచొస్తే పేపరు చదువుతూ కూర్చోగలనా? వంటింట్లోంచి సోలా, తవ్వా పట్టుకు రమ్మన్నాను. మా ఇంట్లో ఇప్పటికీ బియ్యం వాటితోనే కొలుస్తారు.

రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక. సోలలో పట్టేది రెండింతలు కావాలంటే దాని ఎత్తు రెండింతలు చేస్తే చాలు. మరి ఎత్తు అలాగే ఉంచి వెడల్పు రెండింతలు చేస్తే? "రెండింతలే" అన్నాడు వాడు. కాదు, నాలుగింతలు పడుతుంది. గుండ్రటి అడుగు అటూ పెరుగుతుంది, ఇటూ పెరుగుతుంది కాబట్టి వెడల్పుని రెండుసార్లు లెక్కలోకి తీసుకోవాలి. ఇంజను సిలిండరు కూడా ఒక సోలే. కాకపోతే దాని అడుగు పైకీ కిందికీ జరుగుతూ ఉంటుంది. ఆ జరిగే అడుగే పిస్టను. సోల వెడల్పుని మెకానిక్కులు బోరు అంటారు. షెడ్డులో "బోరు అరిగింది, రీబోరు చెయ్యాలి" అంటుంటారే, ఆ బోరే. అడుగు జరిగే దూరం స్ట్రోకు. ఈ రెంటినీ బట్టి ఒక సోలలో ఎంత పడుతుందో కట్టి, ఎన్ని సోలలున్నాయో దాంతో గుణిస్తే వచ్చేదే సీసీ. వెయ్యి సీసీలు ఒక లీటరు.

ఇప్పుడు మా పిస్టను సంగతి. అది లిస్టర్ రకం ఆయిలింజనుది. ఆ ఇంజను బోరు 114 మిల్లీమీటర్లు, స్ట్రోకు 140. ఉన్నది ఒకే ఒక్క సిలిండరు, అదే 1400 సీసీల పైన. అంత పెద్ద సిలిండరున్నా వచ్చేది అయిదు హెచ్‌పీ. ఎందుకంటే అది నిదానస్తురాలు, నిమిషానికి 600 చుట్లు తిరిగేది. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకి ఒకసారి మంట అంటుకుంటుంది. అంటే సెకనుకి అయిదు దెబ్బలు. మా చిన్నప్పుడు గట్టు మీద నిలబడి వింటే ఆ దెబ్బలు విడివిడిగా వినపడేవి. చప్పుడు జోరు తగ్గితే మా నాన్నగారు అన్నం ముందునుంచి లేచి వెళ్లిపోయేవారు.

ఫెరారీ 208లో ఎనిమిది సిలిండర్లు. ఒక్కోటి బోరు 66.8 మిల్లీమీటర్లు, స్ట్రోకు 71. ఒక్కో సిలిండరులో 249 సీసీలు పడుతుంది, ఎనిమిదీ కలిపితే 1990 పైచిల్లర. నిమిషానికి 6800 చుట్లు తిరిగేటప్పుడు ఎనిమిదింటి మంటలూ కలిపితే సెకనుకి 450 దాటతాయి. అవి ఇంక దెబ్బల్లా వినపడవు, ఒకదాన్నొకటి తరుముకుంటూ స్వరమైపోతాయి. పాశ్చాత్య సంగీతంలో వాద్యాలు శ్రుతి చేసుకునే స్వరానికి సెకనుకి 440 కంపనాలు. ఆ వేగంలో ఫెరారీ పాట ఆ స్వరానికి కాస్త పైన పలుకుతుందన్నమాట. ఇంజను బలం సోల పెద్దదా చిన్నదా అన్నదాంతోనే తేలదు, నిమిషానికి ఎన్ని సోలల గాలి కొలిచి మండించిందన్నదాంట్లో ఉంటుంది. ఈ ఒక్క ముక్కా వాడి బుర్రలోకి వెళ్లడానికి సోలతో బియ్యం నెమ్మదిగా ఒకసారి, గబగబా ఒకసారి కొలిచి చూపించాల్సొచ్చింది.

"మరి ఎందుకు చిన్నది చేశారో చెప్పలేదు" అన్నాడు.

అక్కడికే వస్తున్నాను. 1973లో చమురు ధరలు మండిపోయాయి. ఆ దశకంలో ఇటలీ ప్రభుత్వం కార్లకి ఒక గీత గీసింది. ఇంజను రెండు లీటర్లు దాటితే అమ్మకం మీద పన్ను బాగా ఎక్కువ, తర్వాతి కాలంలో అది దాటితే 38 శాతం, లోపలుంటే 18 శాతం అయింది. ఫెరారీవాళ్ల చేతిలో అప్పటికి 308 అనే బండి ఉంది, దాని ఇంజను మూడు లీటర్లకి కాస్త తక్కువ, 2927 సీసీ. గీతకి చాలా పైన. కొత్త ఇంజను కట్టాలంటే ఏళ్లు పడుతుంది. వాళ్లేం చేశారో చూడు. స్ట్రోకు 71 మిల్లీమీటర్లు, దాన్ని కదపలేదు. స్ట్రోకు మారిస్తే క్రాంకు మార్చాలి. బోరు ఒక్కటీ 81 నుంచి 66.8కి దించారు. వెడల్పులో ఆరో వంతు కాస్త పైన పోయింది, పట్టే ఘనంలో మూడో వంతు దాకా పోయింది. ఇందాక సోలతో చెప్పిన లెక్కే. 1975లో ఆ చిన్న ఇంజనుతో 208 జిటి4 బయటికొచ్చింది.

ఇదే దారి మిగతావాళ్లూ పట్టారు. లాంబోర్గినీ ఉర్రాకోకి 1994 సీసీ, మసెరాటి మెరాక్‌కి 1999 సీసీ. చూశావా, గీతని ఎంత ఒరుసుకుంటూ ఆగాయో! కుంచానికి గరిటె గీసి కొలిచినట్టు. ఏ ప్రకృతి నియమమూ 1999 దగ్గర ఆగమని చెప్పలేదు. చట్టం చెప్పింది. ఇంజను ఆకారం లోహమూ, వేడీ, పీడనమూ మాత్రమే తేలుస్తాయని నేనూ చాలాకాలం అనుకున్నాను. సగం మాటే అది. రెండో సగం ఎక్కడో కాయితం మీద గీసిన గీత తేలుస్తుంది.

అయితే బండి బరువు తగ్గలేదు కదా. 1980లో వచ్చిన 208 జిటిబికి ఉన్నది 155 హెచ్‌పీ. అదే ఒళ్లు మూడు లీటర్ల ఇంజనుతో మొదట్లో 250కి పైన లాగింది. కొన్నవాళ్లకి ఎలా ఉంటుంది? జోడెడ్ల బండికి ఒక ఎద్దుని విప్పేసినట్టు. సోల పెంచడానికి వీల్లేదు, అందులోకి గాలి మాత్రం ఎక్కువ పొయ్యాలి. ఏం చెయ్యాలి?

దీనికి జవాబు మన కమ్మరి కొలిమిలో ఉంది. తిత్తి ఊదితే అదే బొగ్గు ఎర్రగా రాజుకుంటుంది. ఇంజనుకి ఆ తిత్తే టర్బో. దాని గొప్పతనం ఏమిటంటే, తిత్తి తొక్కడానికి వేరే మనిషి అక్కర్లేదు. వృథాగా పోయే పొగే ఒక చిన్న చక్రాన్ని తిప్పుతుంది, ఆ చక్రం ఇరుసుకి అవతలి కొసన ఇంకో చక్రం గాలిని నొక్కి సిలిండరులోకి తోస్తుంది. గాలి దట్టంగా ఉంటే దానికి తగ్గ పెట్రోలూ మండుతుంది. 1982లో 208కి టర్బో పెట్టారు. రోడ్డు మీద తిరిగే ఫెరారీల్లో టర్బో ఉన్నది అదే మొదటిది. అదే రెండు లీటర్లలోంచి 220 హెచ్‌పీ వచ్చింది. పన్నులవాళ్లు సోలని కొలిచారు కాని అందులో పోసే గాలిని కొలవలేదు! అంతకు నెలల ముందే, 1981 చివర్లో, మసెరాటి బైటర్బో వచ్చింది. దాని ఇంజను 1996 సీసీ, టర్బోలు రెండు.

పందేలవాళ్లు మాత్రం ఆ గాలినీ లెక్కలో వేశారు. టర్బో ఉంటే ఇంజను ఘనాన్ని 1.4తో గుణించి ఏ తరగతో తేల్చేవారు. 1984లో ఫెరారీ 288 జిటిఓ చేసినప్పుడు బోరు 81 నుంచి 80కి దించారు, ఒక్క మిల్లీమీటరు. ఘనం 2855 సీసీ అయింది. 1.4తో గుణించు. మా వాడు పలక మీద గుణించి, "3997!" అని అరిచాడు. గీత 4000 దగ్గరుంది.

చిన్న ఇంజను కథల్లో నన్ను కదిలించేది ఇంకొకటుంది. ఫెరారీ కంపెనీ పెట్టిన ఎంజో ఫెరారీకి అల్ఫ్రెదో అని ఒక కొడుకు, ముద్దుపేరు దీనో. కండరాలు క్షీణించే జబ్బు. మంచం మీదున్నప్పుడు కూడా విత్తోరియో జానో అనే పెద్ద ఇంజనీరుతో కూర్చుని లీటరున్నర వి6 ఇంజను గురించి మాట్లాడేవాడట. 1956లో, 24 ఏళ్లకే పోయాడు. ఆ ఇంజనుకి తండ్రి కొడుకు పేరే పెట్టాడు. తర్వాత పందెపు నియమం ఒకటి వచ్చింది: 1967 నుంచి ఫార్ములా 2లో దిగాలంటే ఆ ఇంజను కనీసం 500 మామూలు కార్లలో ఉన్నదై ఉండాలి. అప్పట్లో ఫెరారీ అన్ని కార్లు చెయ్యలేదు. ఫియట్ చెయ్యగలదు. అలా ఆ కుర్రవాడి పేరు ఫియట్ దీనో అని ఫియట్ కార్ల మీదికీ, దీనో 206 అని ఫెరారీ కట్టిన బండి మీదికీ ఎక్కింది. ఇంజను 1987 సీసీ. కాస్త పెద్దదైన దాని తమ్ముడు లాన్చియా స్ట్రాటోస్‌లో కూర్చుని 1974, 75, 76 మూడేళ్లు వరసగా ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్ గెలిచాడు. దీనో బతికుంటే చూసి సంతోషించేవాడు.

ఇంతలో మా వాళ్లని తీసుకొచ్చిన టాక్సీ డ్రైవరబ్బాయి వచ్చి అరుగు కింద నిలబడ్డాడు. రావులపాలెం అబ్బాయి. గౌతమి వంతెన దాటితే వాళ్ల ఊరే. సాయంత్రం మళ్లీ హైదరాబాదు ప్రయాణం. నేను ఫియట్ అనగానే అతని మొహం విప్పారింది. "మా నాన్నగారిదీ ఫియట్టేనండి మాస్టారూ. పద్మినండి. పెళ్లిళ్లకి తిప్పేవారండి" అన్నాడు.

అప్పుడు నాకు చెప్పవలసిన అసలు కథ గుర్తొచ్చింది. బొంబాయి కుర్లాలో ప్రీమియర్ వాళ్లు కట్టిన ఆ పద్మినిలో 1089 సీసీ ఇంజను, నాలుగు సిలిండర్లు, బోరు 68, స్ట్రోకు 75. ఈ అంకెలు 1937లో ఇటలీలో పుట్టాయి, ఫియట్ 508సి అనే కారులో. ఎంజో ఫెరారీ 1939లో ఆల్ఫా రోమియో నుంచి బయటికొచ్చాడు. నాలుగేళ్ల దాకా తన పేరుతో పందెపు కారు చెయ్యకూడదని షరతు. అయినా ఊరుకోలేదు. 1940 ఏప్రిల్ పందేనికి మోదెనాలో రెండు కార్లు తయారు చేశాడు. వాటి పేరులో ఫెరారీ లేదు, వట్టి 815. ఎనిమిది సిలిండర్లు, లీటరున్నర. ఆ ఇంజను ఎలా చేశాడనుకున్నావు? ఫియట్ 508సి ఇంజను హెడ్లు రెండు ఒకదాని వెనక ఒకటి చేర్చి, కింద కొత్త అల్యూమినియం బ్లాకు పోత పోయించి. ఆ తరగతి గీత 1500 సీసీ దగ్గరుంది. 68 బోరుతో, 75 స్ట్రోకుతో ఎనిమిది సోలలు పెడితే రెండు లీటర్లు దాటిపోతుంది. అందుకని బోరు 63కి, స్ట్రోకు 60కి దించారు. 1496 సీసీ అయింది. రెండు కార్లూ పందెం పూర్తి చెయ్యలేదు, మధ్యలో చెడిపోయాయి. కాని ఎంజో ఫెరారీ సొంతంగా కట్టిన మొదటి బండి అదే.

"అంటే మా నాన్నగారి పద్మినీ, ఫెరారీ మొదటి కారూ చుట్టాలాండీ?"

"మేనమామ వరస, అబ్బాయ్."

యుద్ధం అయ్యాక తూరిన్‌లో చిసితాలియా అనేవాళ్లు అదే 1100 ఫియట్ ఇంజనుతో 202 అనే చిన్న స్పోర్ట్స్ కారు చేశారు. పినిన్ ఫరీనా దానికి ఒళ్లు దిద్దాడు. అది ఇవాళ న్యూయార్కు మోడరన్ ఆర్ట్ మ్యూజియంలో బొమ్మల మధ్య ఉంది. పెళ్లికూతుర్ని అత్తారింట దింపిన పద్మిని బానెట్టు కింద ఆ వంశపు ఇంజనే కొట్టుకుందంటే నాకు ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

"మరి ఇప్పుడు నీ బండి?" అన్నాను.

"డిజైరండి. పాత డీజిలండి. మారుతీ కదండీ."

బండి మారుతీదే. ఇంజను పుట్టిల్లు ఇటలీ. 1248 సీసీ మల్టీజెట్, ఫియట్ వాళ్లూ అమెరికా జనరల్ మోటార్స్ వాళ్లూ జతగా ఉన్న రోజుల్లో 2003లో తెచ్చారు. మనదేశంలో 2007లో స్విఫ్టులో, మరుసటేడు డిజైర్‌లో వచ్చింది. టాటా ఇండికా విస్టాలోనూ అదే, ఫియట్ పుంటోలోనూ అదే. దానికి వెనకున్న కథ ఇంకా పెద్దది. పాత డీజిలు ఇంజన్లలో ఒక్కో సిలిండరుకి పంపు ఒక్కో దెబ్బ కొట్టి డీజిలు పంపేది. మా లంకలోని ఇంజనూ అంతే. డీజిలు ఒక్క విసురుగా పడి, భగ్గుమని అంటుకుని, ఠక్కుమని మోగేది. ఫియట్ పరిశోధకులు దీన్ని మార్చే దారి వెతికారు. డీజిలుని ముందే వెయ్యి వాతావరణాలకి మించిన పీడనంతో ఒక ఉమ్మడి గొట్టంలో నిలవ ఉంచడం, అక్కడి నుంచి కరెంటుతో తెరుచుకునే నాజిళ్లతో ఎప్పుడు కావాలంటే అప్పుడు చల్లడం. పంట కాలవ నిండుగా ఉంటే ఎవరి తూము వాళ్లు తెరుచుకున్నట్టు. మా ప్రాంతం రైతుకి ఇంతకంటే విడమరచక్కర్లేదు. 1997లో ఆల్ఫా రోమియో 156 ఆ కామన్ రైలుతో వచ్చింది, కార్లలో అదే మొదటిది. మల్టీజెట్ ఒక అడుగు ముందుకేసి, ఒక్క మంటకి కావలసిన డీజిలుని అయిదు చిన్న చిన్న తుంపర్లుగా పంచగలిగింది. ముందు కాస్త చల్లి మంటని మెల్లగా రాజేస్తే ఆ ఠక్కుమనే మోత తగ్గుతుంది, పొగ తగ్గుతుంది.

ఆ ఇంజను బోరు 69.6. ఫెరారీ 208 బోరు 66.8. మా మనవడు రెండు అంకెలూ పక్కపక్కన రాసి కాసేపు మాట్లాడలేదు. ఆ తర్వాత డ్రైవరుతో, "అన్నా, నీ పిస్టను ఫెరారీ పిస్టనుకంటే పెద్దది" అన్నాడు.

"ఆయ్!" అన్నాడతను. "మూడు లక్షల కిలోమీటర్లు దాటిందండి, హెడ్డు విప్పలేదండి."

2020 ఏప్రిల్లో బిఎస్6 పొగ నియమాలు వచ్చినప్పుడు మారుతీ డీజిలు మానేసింది. ఈ ఇంజనుకి ఇక్కడితో కొత్త బళ్లు లేవు. చట్టం గీతతో పుట్టేవి కొన్ని, ఇంకో గీత దగ్గర ఆగిపోయేవి కొన్ని.

మన గీతలూ తక్కువేం కాదు. 2006 బడ్జెట్‌లో చిన్నకారుకి కొలత పెట్టారు: పొడవు నాలుగు మీటర్ల లోపు, పెట్రోలయితే 1200 సీసీ, డీజిలయితే 1500 సీసీ. ఎక్సైజు సుంకం 24 నుంచి 16 శాతానికి దిగింది. అప్పుడేమైంది? పెట్రోలు స్విఫ్టు ఇంజను 1298 సీసీ ఉండేది, 2010లో 1197 అయింది. డిజైర్ పొడవు నాలుగు మీటర్లు దాటి ఉండేది, 2012లో వెనక డిక్కీ కుదించి 3995 మిల్లీమీటర్లకి తెచ్చారు. అయిదు మిల్లీమీటర్లు లోపల! పాత డిజైర్, కొత్త డిజైర్ పక్కపక్కన నిలబెట్టి వెనకనుంచి చూడండి, పన్ను చట్టం కళ్లకి కనపడుతుంది. ఆ కొలతలే ఇప్పటికీ ఉన్నాయి. 2025 సెప్టెంబరు 22 నుంచి ఆ లోపలున్న కారుకి జీఎస్టీ 18 శాతం, దాటితే 40. ఇటలీలో ఒకప్పుడు 18, 38. ఈ దగ్గరితనం చూసి నేను అంకెలు రెండోసారి సరిచూసుకున్నాను.

గీత మంచిదా చెడ్డదా అని నన్నడిగితే, ఇంజనీరుకి మాత్రం మంచిదనే అంటాను. రెండు లీటర్ల గీత లేకపోతే ఫెరారీ రోడ్డు కారుకి టర్బో అంత తొందరగా వచ్చేది కాదు. కాని గీత ఎక్కడ గియ్యాలో గీసేవాళ్లు బాగా ఆలోచించాలి. సీసీని కొలిస్తే సీసీయే తగ్గుతుంది. తగ్గించాలనుకున్నది పొగయితే పొగనే కొలవాలి. మన దగ్గర బిఎస్6 చేసిన పని అది, అందుకే దానికి ఎక్కువ విలువిస్తాను.

సాయంత్రం జొన్నాడ మీదుగా బయల్దేరడానికి బండి తీశారు. మనవడు ఎక్కకుండా బానెట్టు మీద చెవి పెట్టి నిలబడ్డాడు. "ఎంత తిరుగుతోంది అన్నా?" అని అడిగాడు. 850 అన్నాడు డ్రైవరు, ముల్లు చూసి. వాడు వేళ్ల మీద గుణించుకుని, "సెకనుకి 28 మంటలు తాతా, లెక్కపెడదామంటే అందట్లేదు" అన్నాడు. ఆ తర్వాత వాళ్ల బామ్మ దగ్గరికి వెళ్లి చెవిలో ఏదో అడిగాడు. ఆవిడ నాకేసి చూసింది. నేను తలూపాను.

మా నాన్నగారి పిస్టను గోనెసంచీలో చుట్టుకుని, పూతరేకుల డబ్బాల పక్కన, డిజైర్ డిక్కీలో హైదరాబాదు వెళ్లింది. సావిడి తలుపుకి ప్రస్తుతం ఇటుక పెట్టాం.